క్యామ్‌కార్డర్‌లో ప్లేబ్యాక్ సౌండు, తెర మీది అక్షరాలు సరిచేసుకోవడం ఎలా?

తీసిన వీడియోను క్యామ్‌కార్డర్‌లోనే ప్లే చేస్తే మాటలు వినపడవు. లేదా ఒక చెవిలోనే వినపడతాయి. టీవీకి కలిపితే బొమ్మ మీద తేదీ, బ్యాటరీ గుర్తు, కౌంటర్ అంకెలు వచ్చి కూర్చుంటాయి. రికార్డింగే పాడైందని కంగారుపడి ఫైలు చెరిపేసేవాళ్లు కూడా ఉన్నారు. తొందరపడకండి. వీటిలో చాలావరకు ప్లేబ్యాక్ సెట్టింగుల వల్ల వచ్చేవే, కొద్ది నిమిషాల్లో సరైపోయేవే.

మెనూ తెరిచే ముందు ఒక సంగతి తెలిసి ఉంటే మిగతాదంతా తేలిక. క్యామ్‌కార్డర్ సెట్టింగులు మూడు రకాలు. మైక్ లెవెల్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాంటివి రికార్డింగులో కలిసిపోతాయి. తీసేశాక వాటిని కెమెరాలో మార్చలేం. వాల్యూమ్, ఎల్‌సీడీ వెలుగు లాంటివి క్యామ్‌కార్డర్ సొంత స్పీకరుకు, సొంత తెరకు మాత్రమే సంబంధించినవి. వాటిని ఎటు తిప్పినా వీడియోకి ఏమీ కాదు. మూడో రకం వైరు గుండా బయటికి వెళ్లేవి: టీవీ మీద అక్షరాలు చూపడం, ఎడమ కుడి చానెళ్ల ఎంపిక వంటివి. ఇవి అసలు వీడియోను ముట్టుకోవు. కానీ వైరు అవతల ఏ రికార్డరో పెట్టి కాపీ తీస్తుంటే, ఆ కాపీలో మాత్రం ఎప్పటికీ ఉండిపోతాయి. జాగ్రత్తగా ఉండాల్సింది ఈ మూడో రకంతోనే.

మొదట ఇవి చూసుకోండి

క్యామ్‌కార్డర్‌ను బ్యాటరీ మీద కాకుండా ఏసీ అడాప్టర్ మీద నడపండి. మెనూలో వెతుకుతుండగానే పవర్ సేవింగ్ వల్ల ఆగిపోయే బాధ ఉండదు.

తర్వాత ప్లేబ్యాక్ మోడ్‌లోకి మారండి. ఈ మెట్టు దాటేసి "నా మోడల్లో ఆ ఆప్షన్ లేదు" అనుకునేవాళ్లే ఎక్కువ. రికార్డింగ్ మోడ్‌లో మెనూ ఒకలా ఉంటుంది, ప్లేబ్యాక్ మోడ్‌లో ఇంకోలా ఉంటుంది. జీబ్రా గీతలు (బొమ్మలో మరీ వెలుగైన చోట్లను చూపే చారలు), మైక్ లెవెల్ మొదటిదాంట్లో ఉంటాయి. సౌండ్ చానెల్ ఎంపిక, డేటా కోడ్ (తీసిన తేదీ, కెమెరా వివరాలు చూపేది) వంటివి రెండోదాంట్లో కనిపిస్తాయి. ఏదైనా అంశం బూడిద రంగులో, నొక్కినా తెరుచుకోకుండా ఉంటే అది పాడైనట్టు కాదు. ఆ మోడ్‌కి గానీ, ఆ రకం రికార్డింగుకి గానీ అది వర్తించదని అర్థం.

పరీక్షకు మామూలు గొంతుతో ఎవరో మాట్లాడుతున్న క్లిప్ ఒకటి ఎంచుకోండి. పాటలు, జనం గోల ఉన్న క్లిప్‌తో చానెళ్ల తేడా సరిగా తెలియదు.

వాల్యూమ్

1. క్లిప్‌ను మామూలు వేగంతో ప్లే చేయండి. వేగంగా ముందుకు లాగుతున్నప్పుడు, స్లో మోషన్‌లో, పాజ్‌లో సాధారణంగా సౌండు రాదు.
2. వాల్యూమ్ మీట ఎక్కడుందో చూడండి. జేవీసీ, పానసోనిక్ మోడళ్లలో చాలావాటికి జూమ్ లివరే ప్లేబ్యాక్‌లో వాల్యూమ్‌గా పనిచేస్తుంది: లివర్ మీది టీ అక్షరం వైపు తోస్తే పెరుగుతుంది, డబ్ల్యూ అక్షరం వైపు తోస్తే తగ్గుతుంది. సోనీ టచ్‌స్క్రీన్ మోడళ్లలో వాల్యూమ్ తెర మీదో మెనూలోనో ఉంటుంది.
3. తెర మీద వాల్యూమ్ పట్టీ కదులుతోందో లేదో గమనించండి. పట్టీ నిండా ఉన్నా సౌండు రాకపోతే వాల్యూమ్‌ను వదిలేసి జాకుల వైపు చూడండి.

హెడ్‌ఫోన్ గానీ, ఏవీ వైరు (టీవీ వైపు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులుండేది) గానీ, హెచ్‌డీఎంఐ వైరు గానీ గుచ్చి ఉంటే చాలా మోడళ్లలో లోపలి స్పీకర్ దానంతటదే ఆగిపోతుంది. ఏవీ వైరైతే రెండో కొస ఏ టీవీకీ కలపకపోయినా సరే, జాకులో పిన్ను ఉంటే చాలు. ఎల్‌సీడీ తలుపు మూసి వ్యూఫైండర్‌లో చూస్తున్నప్పుడు కూడా కొన్ని క్యామ్‌కార్డర్లలో స్పీకర్ పలకదు. అన్ని వైర్లూ తీసి, తలుపు తెరిచి, మళ్లీ ప్లే చేసి చూడండి.

టీవీకి కలిపినప్పుడు సౌండు తక్కువగా ఉందని క్యామ్‌కార్డర్ వాల్యూమ్ పెంచినా లాభం ఉండదు. ఏవీ, హెచ్‌డీఎంఐ వైర్లలో వెళ్లే సౌండు ఒకే లెవెల్‌లో వెళ్తుంది, పెంచాల్సింది టీవీలో. అలా పెంచాక క్యామ్‌కార్డర్‌ను పొరపాటున రికార్డింగ్ మోడ్‌కి మార్చకండి. టీవీ స్పీకర్‌లోంచి వచ్చే సౌండు మైక్‌లో పడి, తిరిగి టీవీకి వెళ్లి, క్షణాల్లో చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది.

ఇంకొకటి. హెడ్‌ఫోన్‌లో గట్టిగా వినపడుతోంది కాబట్టి రికార్డింగు గట్టిగా ఉందని అనుకోవద్దు. హెడ్‌ఫోన్ వాల్యూమ్ వేరు, రికార్డయిన లెవెల్ వేరు. లెవెల్ తెలియాలంటే మీటర్ ఉన్న మోడళ్లలో మీటరే చూడాలి: మాట గట్టిగా పలికినచోట పట్టీ మైనస్ 12 డీబీ ప్రాంతానికి వచ్చి వెనక్కి తగ్గుతుంటే బాగున్నట్టు. 0 డీబీని తాకితే అక్కడ సౌండు చిట్లిపోయినట్టే, దాన్ని ప్లేబ్యాక్‌లో ఏ సెట్టింగూ బాగుచేయదు.

హెడ్‌ఫోన్‌లో బర్రుమనే మోత

చిన్న క్యామ్‌కార్డర్లలో చోటు కలిసిరావడానికి ఏవీ అవుట్‌కీ హెడ్‌ఫోన్‌కీ ఒకే జాకు పెడతారు. కెనాన్ మోడళ్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఆ జాకు ఏవీకి సెట్ అయి ఉండగా హెడ్‌ఫోన్ గుచ్చితే బర్రుమని మోత వస్తుంది. ఆ పిన్నులోని ఒక తీగలో బొమ్మ సిగ్నల్ వెళ్తుంటుంది, మీ చెవికి వినపడేది అదే. సెటప్ మెనూలో ఏవీ/ఫోన్స్ అనే అంశాన్ని ఫోన్స్‌కి మార్చండి. తెర మీద హెడ్‌ఫోన్ గుర్తు కనిపించాకే చెవికి పెట్టుకోండి. టీవీకి కలపాల్సినప్పుడు మళ్లీ ఏవీకి మార్చడం మరిచిపోతే టీవీలో బొమ్మ రాదు.

ఇలాంటి మోతే టీవీలో వస్తే వైరును అనుమానించండి. నాలుగు వలయాలున్న 3.5 మిల్లీమీటర్ల ఏవీ పిన్నులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, ఏ వలయంలో బొమ్మ, ఏ వలయంలో సౌండు, ఏది గ్రౌండ్ అన్నది తయారీదారును బట్టి మారుతుంది. వేరే పరికరంతో వచ్చిన వైరు వాడితే పసుపు పిన్నులో సౌండు, ఎరుపు పిన్నులో బొమ్మ రావచ్చు. మీ క్యామ్‌కార్డర్‌కి చెప్పిన వైరే వాడండి.

కాంపోనెంట్ వైరుతో ఇంకో చిక్కు ఉంది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులు మూడూ బొమ్మకే. సౌండుకి తెలుపు, ఎరుపు పిన్నులు విడిగా పెట్టాలి. అంటే ఎరుపు పిన్నులు రెండు. అవి తారుమారైతే కుడి చానెల్ సౌండు పోతుంది, బొమ్మ రంగులు కూడా చెడిపోతాయి. రంగులు చెడి సౌండు సగమే వస్తోందంటే ముందు ఈ రెండింటినీ మార్చి చూడండి. ఎస్-వీడియో వైరులో కూడా సౌండు ఉండదు.

ఒక చెవిలోనే వినపడుతుంటే: చానెల్ ఎంపిక

ప్లేబ్యాక్ సౌండులో అన్నిటికంటే ఉపయోగపడే సెట్టింగు ఇదే, అన్నిటికంటే తక్కువమందికి తెలిసిందీ ఇదే. పేరు మాత్రం కంపెనీకొకటి: టేపు రోజుల సోనీ మోడళ్లలో హైఫై సౌండ్, కెనాన్‌లో అవుట్‌పుట్ చానెల్, జేవీసీలో సౌండ్ మోడ్. పని ఒకటే. మూడు ఎంపికలు ఉంటాయి: స్టీరియో, ఎడమ ఒక్కటే, కుడి ఒక్కటే. ఎల్/ఎల్ అని ఉంటే ఎడమ చానెల్ సౌండే రెండు చెవులకీ వస్తుంది. ఆర్/ఆర్ అంటే కుడిది.

ఇది ఎప్పుడు కావాలి? చొక్కాకి తగిలించే కాలర్ మైకుల్లో చాలావాటికి మోనో పిన్ను ఉంటుంది. దాన్ని క్యామ్‌కార్డర్ స్టీరియో మైక్ జాకులో గుచ్చితే మాట ఎడమ చానెల్‌లోనే రికార్డవుతుంది, కుడి చానెల్ ఖాళీ. మైకును ఒక చానెల్‌కీ, కెమెరా సొంత మైకును రెండోదానికీ ఇచ్చి తీసినప్పుడైతే ఒకవైపు శుభ్రమైన మాట, ఇంకోవైపు హాలంతా ప్రతిధ్వని ఉంటాయి. రెండూ కలిపి వింటే మాట డొల్లగా, దూరంగా ఉన్నట్టు వినపడుతుంది.

ఇలా చేయండి:

1. హెడ్‌ఫోన్ పెట్టుకుని స్టీరియోలో పది సెకన్లు వినండి.
2. ఎల్/ఎల్‌కి మార్చి అదే చోటు మళ్లీ వినండి. తర్వాత ఆర్/ఆర్.
3. మాట శుభ్రంగా ఉన్నదాన్ని పెట్టి చూడండి. పని అయ్యాక తప్పనిసరిగా స్టీరియోకి తిరిగి మార్చండి. లేకపోతే రేపు ఇంకో క్లిప్ చూసినప్పుడు సగం సౌండు ఏమైందో తెలియక మళ్లీ వెతుక్కోవాలి.

ఇదంతా వినడానికి చేసే సర్దుబాటే. కార్డులోని ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేస్తే అందులో రెండు చానెళ్లూ యథాతథంగా ఉంటాయి. ఎడిటింగ్‌లో ఎడమ చానెల్‌ను కుడికి కూడా నింపుకోవాలి.

ఇక్కడే మరో విచిత్రమైన లోపం ఎదురవుతుంది. హెడ్‌ఫోన్‌లో మాట వినపడుతుంది, క్యామ్‌కార్డర్ స్పీకర్‌లో మాత్రం దాదాపు నిశ్శబ్దం. పెద్ద మైకుకి ఉండే ఎక్స్‌ఎల్‌ఆర్ వైరును (మూడు పిన్నుల గుండ్రటి ప్లగ్గుది) సరైన అడాప్టర్ లేకుండా చిన్న స్టీరియో జాకుకి కలిపితే ఇలా జరుగుతుంది. ఒకే సౌండు ఎడమలో సూటిగా, కుడిలో తలకిందులుగా రికార్డవుతుంది. లోపలి స్పీకర్ సాధారణంగా ఒక్కటే కాబట్టి రెండు చానెళ్లనూ కలిపి వినిపిస్తుంది. కలిసినప్పుడు అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎల్/ఎల్ పెట్టగానే మాట నిండుగా వచ్చిందంటే కారణం ఇదే. రికార్డింగు క్షేమంగా ఉన్నట్టే. ఎడిటింగ్‌లో ఒక్క చానెలే వాడుకోండి, రెండూ కలపకండి.

5.1 చానెళ్లతో తీసిన వీడియో క్యామ్‌కార్డర్‌లో వింటే రెండు చానెళ్లకి కుదించి వినిపిస్తుంది. వెనకవైపు నుంచి వచ్చిన సౌండు ముందుదానితో కలిసిపోవడం అక్కడ సహజం.

పాత మినీ డీవీ టేపులు: 12 బిట్‌ సంగతి

పాత టేపులు బయటికి తీసి డిజిటల్ చేసుకునేవాళ్లు ఈ భాగం తప్పక చూడాలి. మినీ డీవీలో సౌండు రెండు రకాలుగా రికార్డవుతుంది. 16 బిట్‌లో 48 కిలోహెర్ట్జ్‌తో రెండు చానెళ్లు. 12 బిట్‌లో 32 కిలోహెర్ట్జ్‌తో నాలుగు చానెళ్లకి చోటు: తీసినప్పటి సౌండు స్టీరియో 1లో, తర్వాత చేర్చిన వ్యాఖ్యానమో సంగీతమో స్టీరియో 2లో ఉంటాయి.

12 బిట్ టేపు వేస్తే ఆడియో మిక్స్ లేదా 12 బిట్ ఆడియో అనే అంశం పనిలోకి వస్తుంది. కొన్నిటిలో ఎస్‌టీ1, ఎస్‌టీ2 మధ్య జరిపే పట్టీ ఉంటుంది. కొన్నిటిలో ఎస్‌టీ1, ఎస్‌టీ2, మిక్స్ అని మూడు ఎంపికలు.

టేపులో ఎప్పుడూ డబ్బింగ్ చేయకపోతే స్టీరియో 2 ఖాళీగా ఉంటుంది. పట్టీ ఎస్‌టీ2 చివర ఉంటే బొమ్మ చక్కగా నడుస్తూ సౌండు మాత్రం అసలు రాదు. టేపు సౌండు పోయిందని బాధపడే ముందు పట్టీని ఎస్‌టీ1 చివరికి జరపండి. వ్యాఖ్యానం చేర్చిన టేపైతే మొదట ఎస్‌టీ1 ఒక్కటే, తర్వాత ఎస్‌టీ2 ఒక్కటే విని, ఆ తర్వాత మధ్యలో పెట్టి మాట అసలు సౌండును మింగకుండా చూసుకోండి. 16 బిట్ టేపుకి ఈ సర్దుబాటు పనిచేయదు, ఎందుకంటే దాంట్లో కలపడానికి రెండో జత లేదు.

తెర మీది అక్షరాలు

డిస్‌ప్లే లేదా డీఐఎస్‌పీ అని రాసి ఉన్న బటన్ నొక్కిన కొద్దీ తెర మారుతుంది: అన్ని గుర్తులూ, కొన్ని గుర్తులూ, ఏమీ లేకుండా. బటన్ లేని టచ్‌స్క్రీన్ మోడళ్లలో తెరను ఒకసారి తాకితే గుర్తులు వస్తాయి, కొద్దిసేపటికి పోతాయి. ఎల్‌సీడీని మనవైపు కాకుండా ఎదుటివారి వైపు తిప్పి తీస్తున్నప్పుడు చాలా గుర్తులు వాటంతటవే మాయమవుతాయి. అది లోపం కాదు.

తేదీ, సమయం గురించి చాలామందికి ఒక భయం ఉంటుంది: తెర మీద కనిపిస్తోంది కాబట్టి వీడియో మీద అచ్చయిపోయిందేమోనని. లేదు. డీవీ టేపులో గానీ ఏవీసీహెచ్‌డీ అనే హెచ్‌డీ వీడియో ఫార్మాట్‌లో గానీ తేదీ, సమయం బొమ్మతో కలవకుండా పక్కన డేటాగా ఉంటాయి. దాన్ని చూపాలా వద్దా అన్నదే డేటా కోడ్ సెట్టింగు. అందులో మామూలుగా మూడు స్థితులు: తేదీతో పాటు సమయం; కెమెరా వివరాలు; ఆఫ్. కెమెరా వివరాలు పెడితే ఆ షాట్ ఏ షట్టర్ వేగంతో, ఏ ఐరిస్‌తో (లెన్సు రంధ్రం సైజు), ఎంత గెయిన్‌తో (వెలుగు కోసం సిగ్నల్‌ను పెంచిన మోతాదు) తీశారో వస్తుంది. నేర్చుకునేవాళ్లకు ఇది నిజంగా విలువైనది. బొమ్మలో గింజలు గింజలుగా కనిపించిన చోట ఆపి గెయిన్ అంకె చూడండి. ఎక్కువగా ఉంటే వెలుతురు చాలలేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

తేదీ స్థానంలో గీతలే కనిపిస్తే తీసిన రోజున గడియారం సెట్ చేయలేదన్నమాట. క్యామ్‌కార్డర్ లోపల గడియారం కోసం చిన్న రీచార్జబుల్ బ్యాటరీ ఉంటుంది. సుమారు 3 నెలలు పక్కన పడేస్తే అది ఖాళీ అవుతుంది. అడాప్టర్ పెట్టి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి, 24 గంటలు వదిలేయండి. తర్వాత తేదీ, సమయం సెట్ చేయండి. పాత క్లిపుల తేదీలు దీనివల్ల తిరిగి రావు.

టీవీ మీద అక్షరాలు కావాలా, వద్దా?

క్యామ్‌కార్డర్ తెర మీద అక్షరాలు ఒక సంగతి, టీవీకి వెళ్లే అక్షరాలు ఇంకో సంగతి. రెండోదానికి విడి సెట్టింగు ఉంటుంది: సోనీలో డిస్‌ప్ అవుట్‌పుట్, కెనాన్‌లో టీవీ స్క్రీన్, పానసోనిక్‌లో ఎక్స్‌టర్నల్ డిస్‌ప్లే, జేవీసీలో డిస్‌ప్లే ఆన్ టీవీ. సోనీలో ఎల్‌సీడీ ప్యానెల్ అని పెడితే అక్షరాలు కెమెరా తెర దగ్గరే ఆగిపోతాయి. వీ-అవుట్/ప్యానెల్ పెడితే రెండుచోట్లా వస్తాయి. మిగతావాటిలో ఆఫ్ పెడితే సరి.

మెనూను టీవీలో చూస్తూ మార్చుకోవాలంటే దీన్ని ఆన్‌లో పెట్టుకోవడం సుఖమే. కానీ ఏవీ వైరుతో డీవీడీ రికార్డర్‌కో క్యాప్చర్ పెట్టెకో కాపీ తీసేటప్పుడు ఆన్‌లో మరిచిపోతే బ్యాటరీ గుర్తు, కౌంటర్, ప్లే గుర్తు అన్నీ కాపీలో పడిపోతాయి, వాటిని చెరిపే దారి లేదు. హెచ్‌డీఎంఐతో బయటి రికార్డర్‌కి తీసేటప్పుడూ అంతే. రికార్డింగ్ మోడ్‌లో జీబ్రా, గ్రిడ్ గీతలు కార్డులోని వీడియోలో పడవు గానీ, ఈ సెట్టింగు ఆన్‌లో ఉంటే కొన్ని మోడళ్లలో వైరు వెంట బయటికి వెళ్తాయి. డీవీ క్యామ్‌కార్డర్ నుంచి ఫైర్‌వైర్‌తో (డిజిటల్ వీడియోను నేరుగా కంప్యూటర్‌కి పంపే వైరు) తీస్తే ఈ బాధే లేదు. అందులో టేపు మీది డేటా ఉన్నదున్నట్టు వెళ్తుంది, తెర మీది అక్షరాలు వెళ్లవు. వీలున్నంతవరకు ఆ దారే మేలు.

తేదీ కావాలనే కాపీలో ఉంచుకోవాలనుకుంటే డేటా కోడ్‌ను తేదీకి పెట్టి, టీవీ డిస్‌ప్లే ఆన్ చేసి, ఏవీ వైరుతో కాపీ తీయండి. మిగతా గుర్తులు కూడా వెంట వస్తే డిస్‌ప్లే బటన్‌తో తగ్గించి చూడండి.

తెర వెలుగు, బొమ్మ ఆకారం

ఎల్‌సీడీ బ్రైట్‌నెస్, బ్యాక్‌లైట్ ఒకటి కావు. బ్యాక్‌లైట్ తెర వెనక దీపం. ఎండలో తెర కనిపించకపోతే దాన్ని పెంచాలి. పానసోనిక్‌లో పవర్ ఎల్‌సీడీ అనేది ఇదే. పెంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. బ్రైట్‌నెస్ మాత్రం బొమ్మలోని నలుపునే తేలుస్తుంది లేదా ముంచుతుంది. దాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచి, బాగా వెలుగుగా ఉందని ఎక్స్‌పోజర్ తగ్గించి తీస్తే తర్వాత కంప్యూటర్‌లో అంతా చీకటిగా కనిపిస్తుంది. అందుకే బ్రైట్‌నెస్‌ను మధ్యలోనే ఉంచి, ఎండకి బ్యాక్‌లైట్‌ను మాత్రమే మార్చండి.

మీ క్యామ్‌కార్డర్‌లో ఎస్‌ఎంపీటీఈ కలర్ బార్లు (తెరను సరిచూసుకోవడానికి చూపే ప్రామాణిక రంగు పట్టీలు) ఉంటే ఇంకా కచ్చితంగా పెట్టుకోవచ్చు. కింద కుడివైపు దాదాపు నల్లగా మూడు సన్నని నిలువు పట్టీలుంటాయి. తెరకు ఎదురుగా, తల వంచకుండా చూస్తూ, మూడింటిలో కుడిచివరిది మసగ్గా కనిపించేదాకా, మిగతా రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేదాకా బ్రైట్‌నెస్ జరపండి.

టీవీలో మనుషులు సన్నగా పొడుగ్గానో, పొట్టిగా లావుగానో కనిపిస్తే టీవీ టైప్ సెట్టింగు మీ టీవీకి సరిపోలేదు. పాత 4:3 టీవీ అయితే 4:3, వెడల్పు టీవీ అయితే 16:9 పెట్టండి. ఇది ఏవీ వైరుకే వర్తిస్తుంది. హెచ్‌డీఎంఐలో బొమ్మే రాకపోతే రిజల్యూషన్‌ను ఆటోలో పెట్టి, క్యామ్‌కార్డర్‌నూ టీవీనీ ఆపి మళ్లీ వేయండి. అంచున ఉన్న అక్షరాలు సగం తెగిపోతుంటే టీవీ బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కోసేస్తోందన్నమాట. టీవీ పిక్చర్ మెనూలో ఓవర్‌స్కాన్ ఆఫ్ చేయండి.

అన్నీ పెట్టుకున్నాక పెద్ద కాపీ మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం కాపీ తీసి, దాన్ని వేరే చోట ప్లే చేసి చూడండి: బొమ్మ మీద అక్షరాలున్నాయా, రెండు స్పీకర్లలోనూ మాట వస్తోందా, మాట గట్టిగా ఉన్నచోట చిట్లుతోందా. టేపులైతే ఒక్కొక్కటి వేసినప్పుడల్లా సౌండు సెట్టింగు ఇంకోసారి చూసుకోండి, ఒకే పెట్టెలో 12 బిట్ టేపులూ 16 బిట్ టేపులూ కలిసి ఉంటాయి.